మైకు ఆగిన తర్వాత

"కూర్చో చెల్లెమ్మా" అని మంత్రిగారి కార్యదర్శి కుర్చీ చూపించాడు. ఆ కుర్చీ నిండా ఫైళ్ళున్నాయి. వాటిని తీసే ఉద్దేశం ఆయనకు ఉన్నట్టు లేదు. ఆమె నిలబడే ఉంది.

ఆఫీసులో ఆయన్ని చాటుగా తేనెసీసా అంటారు. ఎవరి మెడ కొయ్యాలన్నా ముందు అక్కడ నాలుగు తీపి మాటలు పూస్తాడు.

"ఇవాళ పదకొండింటికి మంత్రిగారి ప్రెస్‌మీట్. ఎప్పట్లాగే పక్కన నిలబడి చేతులు ఊపి వెళ్ళిపో. అంతే" అన్నాడు.

"నేను రాలేను సార్. ఎందుకో మీకూ తెలుసు."

"తెలుసు గనకే పిలిచాను. వరద గేట్లు ఎత్తింది నీ తమ్ముడు. ఊరంతా వాణ్ణి తిట్టుకుంటోంది. ఇవాళ నువ్వు మానేసి కొత్త మనిషి వస్తే, పాతావిడ ఏమైందని ఎవడో ఒకడు అడుగుతాడు. అడిగితే ఆవిడ తమ్ముడి సంగతి బయటికొస్తుంది. అప్పుడు వాడు చెప్పే కట్టుకథ కూడా పేపర్లకెక్కుతుంది. ఎందుకొచ్చిన గొడవ?"

"అది కట్టుకథ కాదు."

తేనెసీసా నవ్వాడు. "సరే, నిజమే అనుకో. సాక్ష్యం ఏదీ? నువ్వొచ్చి నీ పని చేసుకుపోతే వాడి మీద చిన్న కేసు పెట్టించి నాలుగు నెలల్లో బయట పడేయిస్తాను. రాకపోతే ఏడుగురి చావుకి వాడొక్కడే జవాబు చెప్పుకోవాలి. నీ తమ్ముడు, నీ ఇష్టం."

ఆమె చూపు కుర్చీ మీది ఫైళ్ళ మీదికి దిగింది. దాన్నే ఒప్పుకోలు కింద జమకట్టి ఆయన ఫోను చేతికి తీసుకున్నాడు.

ప్రభుత్వ టీవీలో ప్రసంగం వస్తుంటే తెర మూలన చిన్న కిటికీలో ఒకావిడ సైగలతో ఆ మాటలు చెబుతుంటుంది చూడండి, అది ఈమె పని. ఆఫీసులో అందరూ చేతులమ్మ అంటారు. ఆమె తల్లికి పుట్టుకతోనే చెవుడు. ఆ ఇంట్లో అక్కాతమ్ముళ్ళకు నోటిమాట కంటే ముందు చేతిమాటే వచ్చింది. తమ్ముడు పెద్దయ్యాక రిజర్వాయర్ మీద గేట్ల ఆపరేటరుగా చేరాడు.

నిన్న పోలీస్ స్టేషన్లో చువ్వల అవతల నిలబడి వాడు ఆ చేతులతోనే జరిగింది చెప్పాడు. పక్కనే కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు గానీ ఒక్క ముక్క పట్టలేకపోయాడు.

నీళ్ళు వదలాలంటే ఒక పద్ధతుంది. ముందు సైరన్ మోగించాలి. దిగువనున్న పేటవాళ్ళు గట్టెక్కేదాకా ఆగాలి. ఆ తర్వాతే గేట్లు కొద్దికొద్దిగా ఎత్తాలి. మొన్న మధ్యాహ్నం రిజర్వాయర్ నీళ్ళు పై ఒడ్డునున్న మంత్రిగారి అల్లుడి రిసార్టు పచ్చిక మీదికి వచ్చేశాయి. ఆ పూట అక్కడ ప్రారంభోత్సవ విందు. పెద్ద పెద్దవాళ్ళంతా వచ్చారు. మంత్రి స్వయంగా ఫోన్ చేసి గేట్లన్నీ ఒక్కసారే ఎత్తమన్నాడు. సైరన్ మాట ఎత్తితే, "అది మోగితే అతిథులు బెదిరిపోతారు, నోరు మూసుకుని ఎత్తు" అన్నాడు. అసలు మోగిద్దామన్నా సైరన్ తిప్పే ఇనుప పిడి దాని చోట లేదు. ముందురోజే కార్యదర్శి మనిషి ఒకడు వచ్చి, బాగుచేయించాలంటూ పట్టుకుపోయాడు.

పేట మునిగింది. అక్కడే బధిరులు కలిసి నడుపుకునే కుట్టుమిషన్ల షెడ్డు ఉంది. చనిపోయిన ఏడుగురిలో నలుగురు ఆ షెడ్డువాళ్ళు.

ఇదంతా చెప్పి తమ్ముడు చివర్లో చేతులు కిందికి వేలాడేశాడు. "వద్దని రెండుసార్లు చెప్పానక్కా. ఉద్యోగం ఊడగొడతానన్నాడు" అన్న సైగ సగంలోనే ఆగిపోయింది.

* * *

హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద మంత్రికి ఎడమపక్క ఆమె నిలబడే చోటు. ఆమె ఎదురుగా మూడుకాళ్ళ మీద చిన్న కెమెరా, దాని నుదుటన ఎర్రదీపం. ఈ కెమెరాకు ఒక చరిత్ర ఉంది. గతంలో తుఫాను వార్తల మధ్యలో ఎవరో సైగల కిటికీ తీసేసి ప్రకటనలు వేసుకున్నారు. బధిరుల సంఘం కోర్టుకెక్కి గెలిచింది. అప్పటినుంచి కార్యక్రమం మొదలయ్యాక పూర్తయ్యేదాకా ఆ కిటికీ మూయకూడదు. పెద్ద తెర మీద ఏ బొమ్మ మారినా సరే, మూలనున్న ఆ చదరం వెలుగుతూనే ఉండాలి.

ఆమె వృత్తికీ ఒక నియమం ఉంది. ఎర్రదీపం వెలిగినంతసేపూ చెవిన పడ్డదల్లా చేతికి రావాలి. వెనక కుక్క మొరిగితే మొరిగిందని చెప్పాలి. ఎవరో దగ్గితే దగ్గారని చెప్పాలి. చెవులున్నవాళ్ళకు దక్కేదంతా లేనివాళ్ళకూ దక్కాలి. తన సొంతమాట ఒక్కటీ కలపకూడదు, ఎదుటివాడి మాట ఒక్కటీ మింగకూడదు.

ఇన్నేళ్ళలో ఆ నియమం ఆమెను ఇంతగా ఎప్పుడూ కాల్చలేదు.

"ప్రజలారా!" అని మంత్రి గొంతు సవరించుకున్నాడు. తెల్లటి చొక్కా, మోచేతికి నల్ల రిబ్బను. "ఇది దేవుడు చేసింది కాదు, ఒక తాగుబోతు చేసింది. ఆ ఆపరేటరు మత్తులో, పై అధికారులకు చెప్పకుండా గేట్లు ఎత్తాడు. సైరన్ మోగింది. మోగలేదని ఎవరైనా అంటే అది ప్రతిపక్షం పుట్టించిన పుకారు."

తాగుబోతు. ఆమె చేయి సీసా ఎత్తినట్టు పెదవి దగ్గరికి వెళ్ళింది, తల తూలింది. జన్మలో మందు వాసనే పడని తమ్ముణ్ణి తన చేత్తోనే తాగుబోతును చేసింది. ఈ బొమ్మ అమ్మ చూస్తోంది. అమ్మ ఇప్పుడు పై ఒడ్డున, రిసార్టు గోడ పక్కనున్న బడిలో పెట్టిన సహాయ శిబిరంలో ఉంది, షెడ్డులో ఒకప్పుడు తనతో పనిచేసిన వాళ్ళకు తోడుగా. బాధితులు మంత్రిగారి ఓదార్పు కళ్ళారా చూడాలని తేనెసీసాయే నిన్న అక్కడికి పెద్ద టీవీ పంపించాడు. ఫొటోగ్రాఫరును కూడా పంపించాడు.

ముందు వరసలో నల్ల కళ్ళద్దాల విలేఖరి లేచింది. "సార్, సైరన్ విన్నామన్నవాళ్ళు పేటలో మాకు ఒక్కరు కూడా దొరకలేదండీ."

"మీరు అడగాల్సినవాళ్ళని అడిగి ఉండరమ్మా."

"మరి ఎవర్ని అడగమంటారు? పోయినవాళ్ళనా?"

హాలులో గుసగుస లేచింది. మంత్రి మైకును దగ్గరికి లాక్కున్నాడు. లాగిన ఊపుకి అది కీచుమంటూ కూత మొదలెట్టింది. జనం చెవులు మూసుకున్నారు. "ఒక్క రెండు నిమిషాలు సార్, వైరు మార్చాలి" అని సౌండు మేస్త్రీ పరిగెత్తుకొచ్చి మైకులన్నీ ఆపేశాడు. కంట్రోల్ రూమువాళ్ళు పెద్ద తెర మీద రిజర్వాయర్ బొమ్మ వేసి సన్నగా సంగీతం పెట్టారు. విలేఖరులు టీ కప్పుల కోసం వెనక్కి తిరిగారు.

తేనెసీసా మంత్రి చెవి దగ్గరికి వంగాడు. ఆమెకు వాళ్ళు చేతికందే దూరంలో ఉన్నారు.

"ఆ కళ్ళద్దాలది ఎక్కువ ఎగురుతోందేంటయ్యా?" అన్నాడు మంత్రి.

"ఎగరనివ్వండి సార్. రెండ్రోజులు. ఆ తర్వాత జనానికి ఇంకో తమాషా దొరుకుతుంది."

ఎర్రదీపం వెలుగుతోంది. అలవాటు కొద్దీ ఆమె వేళ్ళు లేచాయి. మరుక్షణం ఆగిపోయాయి. వద్దు. నాలుగు నెలల్లో బయటికొస్తాడు. వీళ్ళ చేతిలో ఉన్నాడు. ఆమె రెండు చేతులూ పొట్టమీద కట్టుకుంది.

"సైరన్ గొడవే వదిలేట్టు లేరు. మోగిందని నలుగురి చేత చెప్పించకపోయావా?"

"మోగితే మాత్రం ఏం సార్? పోయినవాళ్ళలో సగంమంది చెవిటోళ్ళే కదా. చెవిటోళ్ళకి సైరన్ ఎందుకంట!"

మంత్రి నవ్వాడు. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరేలా నవ్వాడు. ఆ మోచేతికే నల్ల రిబ్బను.

ఆమెకు ఒళ్ళంతా భగ్గుమంది. ఆ షెడ్డు ఆమె ఆడుకున్న చోటు. సైరన్ మోగితే వాళ్ళేం చేస్తారో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. వీధిలో వినపడేవాళ్ళు పరిగెడతారు, కిటికీలోంచి వాళ్ళ కాళ్ళు చూసి వీళ్ళూ పరిగెడతారు. అదీ వాళ్ళ సైరన్. మొన్న వీధిలో ఎవరూ పరిగెత్తలేదు.

కట్టుకున్న చేతులు విడిపోయాయి.

మొదటినుంచీ చెప్పింది. మైకులు ఆపారు, మంత్రి కార్యదర్శితో మాట్లాడుతున్నాడు. ఎగిరే విలేఖరి. ఇంకో తమాషా. చెవిటోళ్ళకి సైరన్ ఎందుకంట. నవ్వుతున్నాడు. చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

"ఆ పిడి సంగతేం చేశావ్?" మంత్రి గొంతు తగ్గింది.

"అల్లుడుగారి రిసార్టులోనే ఉంది సార్. జనరేటర్ గదిలో, డీజిల్ డబ్బాల వెనక. అక్కడ పోలీసులు తిరుగుతున్నారని కదపలేదు. సాయంత్రం పడవలో తీసుకెళ్ళి రిజర్వాయర్ నడిమధ్య వేయిస్తాను."

జనరేటర్ గది. డీజిల్ డబ్బాల వెనక. పడవ. ఆమె వేళ్ళు తడబడలేదు.

"ఆ కుర్రాడు నా ఫోన్ సంగతి కోర్టులో వాగితే?"

"వాగడానికి కోర్టుదాకా రావాలిగా. తాగి ఎత్తానని సంతకం పెట్టించమన్నాను. పెట్టాక లాకప్‌లో ఓ రాత్రి కాలుజారి పడతాడు. పడేవాళ్ళకి కొదవా సార్?"

నాలుగు నెలల్లో బయట పడేస్తానన్న మాటకు అసలు అర్థం ఇదా! తమ్ముడి చావును తన చేతులతోనే పూసగుచ్చినట్టు చెప్పింది.

మంత్రి చూపు ఇటు తిరిగింది. "ఏయ్, ఈవిడ ఇంకా చేతులూపుతోందేంటి?"

"వీళ్ళెప్పుడూ వెనకబడే ఉంటారు సార్. ఇందాకటి మీ ప్రసంగమే పూర్తిచేస్తుంటుంది. ఆవిడ మన మనిషే లెండి, తమ్ముడు మన గుప్పిట్లో ఉన్నాడుగా."

ఆమె ఆ మాట కూడా చెప్పేసింది.

వైరు బిగిస్తున్న సౌండు మేస్త్రీ తలెత్తి ఆమె చేతుల వంక, ఎర్రదీపం వంక, వాళ్ళిద్దరి పెదాల వంక చూశాడు. ఆయనకు సైగలు రావు. కానీ పాతికేళ్ళుగా మైకుల మధ్య బతికినవాడు, లైవు పోతోందని ఇట్టే తెలిసిపోయింది. తర్వాత తల వంచుకుని, బిగించిన వైరునే మళ్ళీ విప్పి, "ఇంకొక్క నిమిషం సార్" అన్నాడు.

* * *

మైకు తిరిగొచ్చింది. మంత్రి మళ్ళీ కన్నీళ్ళ గొంతు పెట్టి చనిపోయిన వారి కుటుంబాల గురించి మొదలెట్టాడు. ఆమె చేతులు ఆ మాటల్నీ అంతే నిజాయితీగా చెప్పుకుపోతున్నాయి. అరగంట గడిచింది. హాలులో ఒక ఫోను గుర్రుమంది. పక్కనే ఇంకొకటి. చూస్తుండగానే ముందు వరసలో తలలన్నీ ఫోన్ల మీదికి వంగాయి.

బధిరుల పిల్లల్లో చాలామందికి చెవులు వినపడతాయి. వాళ్ళలో ఒకమ్మాయి ఆ కిటికీలోని సైగలకు తన గొంతు కలిపి ఫోన్లలో వదిలిపెట్టింది. అది ఊరంతా తిరుగుతోంది.

నల్ల కళ్ళద్దాల విలేఖరి ఫోను చెవికి ఆనించుకుని లేచింది. "సార్, ఒక చిన్న ప్రశ్న. సైరన్ తిప్పే ఇనుప పిడి మీ అల్లుడుగారి జనరేటర్ గదిలో ఎందుకుందండీ?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తేనెసీసా చేయి చటుక్కున జేబులోని ఫోను మీదికి పోయింది. మంత్రి మొహంలో నెత్తురు లేదు. "ఏ పిడి? ఎవరు చెప్పారు మీకు?"

"మీరే చెప్పారట. డీజిల్ డబ్బాల వెనక అని కూడా చెప్పారట. శిబిరంలో ఉన్న వాళ్ళంతా గోడ దూకి రిసార్టులోకి వెళ్ళారు. మా కెమెరామన్ వాళ్ళ వెనకే ఉన్నాడు. ఇదుగోండి, పిడి వాళ్ళ చేతిలో ఉంది. దాని మీద నీటిశాఖ ముద్ర కూడా ఉంది."

ఆవిడ ఫోను ఎత్తి చూపించింది. అందులో ఒక ముసలావిడ ఇనుప పిడిని రెండు చేతులా నెత్తిమీదికి ఎత్తి పట్టుకుని ఉంది. ఆ ముసలావిడ చేతులమ్మ తల్లి.

తేనెసీసాకు అప్పుడర్థమైంది. ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఏం కూశావే దొంగముండా!"

ఆమె రెండో చేత్తో ఆ మాట కూడా కెమెరాకు చెప్పింది. అది చూసి ఆయనకు ఒళ్ళు మండింది. "ఇదంతా అబద్ధం! ఇది ఆ ఆపరేటరు అక్క! పిల్లికి ఎలుక సాక్ష్యం!" అని అరిచాడు.

"ఆవిడ ఆపరేటరు అక్క అని తెలిసే పక్కన నిలబెట్టుకున్నారా?" కళ్ళద్దాల విలేఖరి అడిగింది. "ఎందుకండీ?"

మంత్రి లేచి పక్క తలుపు వైపు నడిచాడు. "ఆరోగ్యం బాగాలేదు" అన్నాడు ఎవరితోనో. కుర్చీకి అతుక్కోవడానికి ఏ రోగమూ అడ్డం రాలేదు గానీ, లేవడానికి మాత్రం ఒకటి సిద్ధంగా ఉంది.

ఆమె ఆయన వైపు చూడలేదు. మణికట్టు విడిపించుకుని, చెప్పులు జారిపోతున్నా ఆగకుండా మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తింది. తేనెసీసా ఫోనులో ఎవరితోనో, "ఇన్‌స్పెక్టర్ ఉన్నాడా? వెంటనే..." అనడం ఆమె చెవిన పడింది.

* * *

పోలీస్ స్టేషన్ ముందు వీధి అప్పటికే నిండిపోయింది. శిబిరంవాళ్ళు లారీల్లో వచ్చి దిగారు. అరుపులు లేవు, నినాదాలు లేవు. వందల చేతులు మాత్రం గాలిలో కదులుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి చెమటలు కక్కుతున్నాడు. కేకలేసే గుంపు మీద లాఠీ ఎత్తడం తెలుసుగానీ, నోరెత్తని గుంపును ఏం చెయ్యాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"అమ్మా, వచ్చావా! ఏమంటున్నారు వీళ్ళు? నువ్వే కొంచెం సర్దిచెప్పు" అన్నాడు ఆమెను చూడగానే.

"సర్దిచెప్పడం నా పని కాదండీ. వాళ్ళన్నది చెబుతాను. గేట్ల ఆపరేటర్ని ప్రాణాలతో ఇప్పుడే బయటికి తీసుకొచ్చి చూపించమంటున్నారు. లేకపోతే ఇక్కడే కూర్చుంటామంటున్నారు. మీ మెట్లు బాగానే ఉన్నాయట, ఎవరూ కాలుజారి పడేట్టు లేవట."

పక్కనున్న విలేఖరులు కెమెరాలు పైకెత్తారు. ఇన్‌స్పెక్టర్ జేబులో ఫోను మోగింది. తీసి పేరు చూశాడు. చుట్టూ ఉన్న కెమెరాలు చూశాడు. ఫోను ఎత్తకుండా జేబులో పడేసి, "తీసుకురండ్రా వాణ్ణి" అన్నాడు.

తమ్ముడు కుంటుకుంటూ వచ్చాడు. కింది పెదవి చీలి, దవడ వాచిపోయి, నోరు తెరుచుకునేట్టు లేదు. సంతకం కోసం జరిగిన బతిమాలింపు అదీ. లారీ దిగొచ్చిన అమ్మ వాడి మొహం పట్టుకుని వేళ్ళతో తడిమింది. అక్క ఒక అడుగు ముందుకేసింది. ఇక ఇంటికి తీసుకుపోవచ్చు, వేడినీళ్ళు పెట్టవచ్చు అనుకుంది.

గుంపులోంచి ఒకావిడ వచ్చి అడ్డం నిలబడింది. షెడ్డులో గుండీలు కుట్టే పిన్ని. చనిపోయిన నలుగురిలో ఆవిడ భర్త ఒకడు. ఈ అక్కాతమ్ముళ్ళను చిన్నప్పుడు మిషను బల్ల మీద కూర్చోబెట్టుకుని ఆడించిన మనిషి.

ఆవిడ తమ్ముడి ఛాతీ మీద వేలు పెట్టి పొడిచి, సైగలతో అడిగింది. "మంత్రి చెప్పాడు. సరే. గేట్ల చక్రం తిప్పిన చెయ్యి ఎవరిది?"

తమ్ముడు తలదించుకున్నాడు. ఆవిడ గడ్డం పట్టి పైకి లేపింది. బధిరులతో మాట్లాడుతూ తల దించుకోవడమంటే మొహం మీద తలుపు వేయడమే.

"సైరన్ మోగలేదని నీకు తెలుసు. మా షెడ్డు అక్కడుందని నీకు తెలుసు. ఎందుకు తిప్పావురా?"

వాడి చేతులు నెమ్మదిగా లేచాయి.

"ఏమంటోంది? ఏం చెబుతున్నాడు?" కళ్ళద్దాల విలేఖరి మైకు అక్క నోటి దగ్గర పెట్టింది. ఇంకో నాలుగు మైకులు వచ్చిపడ్డాయి. ఇన్‌స్పెక్టరూ చెవి రిక్కించాడు.

అక్క తమ్ముడి వంక చూసింది. ఇప్పుడు వాడు చెప్పేది ఆమె నోటితో బయటికొస్తే వాడు ఉత్త బాధితుడు కాడు. కోర్టు వాణ్ణీ వదలదు. ఒక మాట మెత్తబరిస్తే చాలు, ఇక్కడున్న చెవులున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. గుండీల పిన్ని ఆమె పెదవుల వైపే చూస్తోంది.

తమ్ముడి చేతులు కదులుతున్నాయి. అక్క నోరు తెరిచింది.

"గేట్లు ఎత్తమని మంత్రి నాకు ఫోన్ చేశాడు. సైరన్ వద్దన్నాడు. అది ఆయన పాపం. ఎత్తింది మాత్రం నేను. కింద మనుషులున్నారని తెలిసే ఎత్తాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అప్పుడు షెడ్డు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా తిప్పాను."

ఆమె గొంతు ఎక్కడా ఆగలేదు. ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి, "అయితే ఒప్పుకుంటున్నట్టేనా?" అన్నాడు, దొరికిందే చాలన్నట్టు.

"మొత్తం రాసుకోండి" అంది అక్క ఈసారి తన సొంతమాటగా. "మంత్రి పేరుతో మొదలుపెట్టి రాసుకోండి. మా వాడి పేరు దాని కింద. పైపేరు రాయకుండా కిందపేరు ఒక్కటే రాస్తే వీళ్ళు ఈ వీధి ఖాళీ చెయ్యరు."

గుండీల పిన్ని తమ్ముడి గడ్డం వదిలేసింది. దగ్గరికి తీసుకోలేదు, కొట్టనూ లేదు. వెళ్ళి స్టేషన్ మెట్టు మీద మధ్యలో కూర్చుని, ఇన్‌స్పెక్టర్ కాగితం తెప్పించేదాకా ఆయన మొహం మీదినుంచి చూపు తిప్పలేదు.